నీలిపండ్ల అడవిపొద – దానిని పెంచు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)

  

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున సేద్యమునకు సంబంధించిన యేదేని విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వరిని గూర్చియో వేరుసెనగను గూర్చియో చెప్పుదునని మీరనుకొని యుందురు. ఆ విషయములలో నాకంటె మీరే పెద్దలు. అందుచేత మన పొలములలో మొలవని, తెచ్చి నాటినను బ్రదుకని యొక అడవిపొదను గూర్చి చెప్పవలెనని వచ్చితిని. దాని పేరు బ్లూబెర్రీ. హైదరాబాదులోని పెద్ద దుకాణములలో చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలలో, గోళీలంతటి నీలిపండ్లు చాల వెలపెట్టి అమ్ముచుండగా మీలో కొందరు చూచియే యుందురు.

దీనినే యెన్నుకొనుటకు కారణము లేకపోలేదు. ఈ యూరి బిడ్డలు కొందరు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున కాపురములు చేయుచున్న సంగతి మీకు తెలియును. మన పాఠకులలో ఒక పెద్దమనిషి గత సంవత్సరము నాయొద్దకు వచ్చి, అక్కడనున్న తమ కుమార్తె యీ పొదలను నాలుగు కొని పెరటిలో నాటినదనియు, గోతులలో బాగుగ చివికిన పశువుల యెరువు నింపి, పైన పొయ్యిబూడిద చల్లి, చేతనైనంత సేవ చేసినదనియు, అవి రెండవ యేట ఆకులు పసుపువన్నెకు తిరిగి ఒక్కటొక్కటిగ చచ్చిపోయినవనియు చెప్పిరి. “అది ఆ దేశపు పొదయే కదా, ఆ దేశపు నేలయే కదా, ఎందుకు చచ్చినది?” అని వారడిగిన ప్రశ్న సామాన్యమైనది కాదు. సరిగా ఈ ప్రశ్నకే సమాధానము తెలియక అమెరికా దేశపు రైతులు కొన్ని తరముల కాలము ఈ పొదను లొంగదీయజాలక విడిచిపెట్టిరి.

ముందు పొదను వర్ణించెదను. ఉత్తర అమెరికా ఖండపు తూర్పుభాగమున, కెనడాలోని నోవా స్కోషియా మొదలు ఫ్లారిడా వరకు, చిత్తడి నేలల అంచులను ఇది తనంతట తాను పెరుగును. శాస్త్రజ్ఞులు దీనిని వాక్సీనియమ్ కొరింబోసమ్ అందురు. ఎత్తు ఆరడుగులు మొదలు పండ్రెండడుగుల వరకు ఉండును. మొదటినుండియే అనేకమైన కొమ్మలు బయలుదేరును గాని ఒక మాను అనునది ఉండదు. వసంతమున చిన్న చిన్న గంటలు తలక్రిందుగ వ్రేలాడదీసినట్లు తెల్లని పూలు గుత్తులుగ పూయును. పిందె ఆకుపచ్చగ నుండి, ఎఱ్ఱబారి, తుదకు నీలమగును. పండుపై తెల్లని పొడివంటి పూత యుండును. మన బూడిదగుమ్మడికాయపై నుండు పూత వంటిదే. దీనిని నేరేడుతో పోల్చువారు కలరు. రంగునకు పోలిక సరియే గాని, నేరేడుపండు తిన్నవాని నోరు దాచినను దాగదు. ఈ పండు రంగంతయు తోలులోనే యున్నది, లోపలి గుజ్జు తెల్లగనో లేతాకుపచ్చగనో యుండును. గింజలు నలుసులంత చిన్నవి. తినునప్పుడు పంటికి తగులవు. రుచి తీపి పులుపుల కలయిక. ఆకురాలు కాలమున పొదయంతయు ఎఱ్ఱగ మారి, చలికాలమున మోడై నిలుచును.

దీనికి చెల్లెలు వంటి పొట్టిపొద యింకొకటి కలదు. వాక్సీనియమ్ అంగుస్టిఫోలియమ్ అని దాని పేరు. అది మోకాలెత్తు దాటదు. మెయిన్ రాష్ట్రమున, కెనడా తూర్పు ప్రాంతములలో, రాళ్ళబీళ్ళ మీద భూమిలోపలి కాండములతో ప్రాకి విస్తరించియుండును. ఆ బీళ్ళను నేటికిని ఎవరును విత్తనము చల్లియో అంటు నాటియో పెంచుట లేదు. ఉన్న పొదనే పోషించి ఫలము గైకొనుచున్నారు. ఆ దేశపు ఆదిమజాతుల వారు పూర్వము ఆ బీళ్ళను అప్పుడప్పుడు కాల్చెడివారు. పైభాగము కాలినను భూమిలోని కాండములు చెడవు. మరుసటి యేడు క్రొత్త చిగుళ్ళు బయలుదేరి, ఆ పై యేట విరివిగ కాయును. ఈనాటి రైతులును కాల్చియో, నేలమట్టముగ కోసియో, ఒకయేడు చిగురుకు, ఒకయేడు కాపుకు విడిచి, అదే పద్ధతిని అనుసరించుచున్నారు. 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమున ఉత్తర సైన్యములకు ఈ పొట్టిపొద పండ్లను డబ్బాలలో నిలువచేసి పంపిరి. అంతకు చాల పూర్వమే, 1615లో, షాంప్లేన్ అను ఫ్రెంచి యాత్రికుడు హ్యూరాన్ సరస్సు ప్రాంతమున అక్కడి ప్రజలు ఈ జాతి పండ్లను ఎండబెట్టి చలికాలమునకు దాచుకొనుట చూచి వ్రాసిపెట్టెను. మనము ఉసిరికాయ, రేగుపండు వడియములు ఎండబెట్టుకొనుట వంటిదే.

ఇంతకాలముగ తినుచున్న పండును తోటలో ఏల పెంచలేకపోయిరి? ప్రయత్నింపక కాదు. అడవినుండి పొదను త్రవ్వి తెచ్చి, ఇంటివద్ద నున్న మంచి తోటభూమిలో నాటెడివారు. గోధుమ పండు నేల, కూరగాయలు పండు నేల, ఏటేట సున్నము చల్లి యెరువు తోలిన నేల. పొద కొన్నాళ్ళుండి కృశించెడిది. అడవిజాతి గనుక మనుష్యుల చేతిలో బ్రదుకదని తీర్మానించుకొనిరి. దానికి కావలసినది ఏమియో పొదను అడిగి తెలిసికొనవలెనని తోచినవారు లేకపోయిరి.

అట్లు అడిగినవాడు ఫ్రెడరిక్ కొవిల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన 1867లో జన్మించి 1937లో పరమపదించెను. అమెరికా ప్రభుత్వపు వ్యవసాయశాఖలో ఉద్యోగి. 1906లో ఆయన ఈ పొదపై పరిశోధనలు ప్రారంభించెను. విత్తనములు మొలిపించి, ఒకే వయస్సు మొక్కలను వేర్వేఱు మట్టులలో పెట్టి చూచెను. సారవంతమైన తోటమట్టిలో నున్నవి పెరుగుదల లేక గిడసబారి నిలిచిపోయినవి. అడవిలో సగము కుళ్ళిన ఆకులు, వేళ్ళు, నాచు కలిసిన నల్లని పులిసిన మట్టిలో నున్నవి కళకళలాడుచు పెరిగినవి. సున్నము కలిపిన మట్టిలో నున్న వాని స్థితి మఱింత హీనము. ఇతర పైరులకు బలమని మనమెంచునది ఈ పొదకు విషమని తేలినది.

1910లో ఆయన తన పరిశోధనలను సుమారు నూఱు పుటల పుస్తకముగ ప్రకటించెను. ‘బ్లూబెర్రీ సాగులో ప్రయోగములు’ అని దాని పేరునకు అర్థము. అందు ఆయన ముందుగ ఈ పొద ఏయే నేలలలో బ్రదుకదో చెప్పి, పిమ్మట ఎట్టి నేలలో బ్రదుకునో చెప్పెను. శాస్త్రగ్రంథములలో నాకు బాగుగ నచ్చిన క్రమము ఇది. ఎరువు దట్టముగ వేసిన నేలలో బ్రదుకదు, సున్నముతో చవ్వబారిన నేలలో బ్రదుకదు, నీరు నిలిచి గాలి చొరని నేలలో బ్రదుకదు అని వరుసగ చెప్పుకొని వచ్చిన తరువాత, మిగిలినది ఏమిటో చదువరికి తనంతట తోచును.

దీని లోపలి కారణమును కొంచెము విప్పి చెప్పవలెను. నేలలోని పులుపును, అనగా ఆమ్లగుణమును, శాస్త్రజ్ఞులు అంకెలతో కొలుతురు. దానిని పి.హెచ్. అందురు. 7 అనునది మధ్యస్థము. అంతకు తక్కువ యైనకొలది పులుపు, ఎక్కువ యైనకొలది క్షారము. ఒక్కొక్క అంకె దిగినపుడు పులుపు పదింతలగును. మన నల్లరేగడి భూములు సాధారణముగ 7.5 మొదలు 8.5 వరకు ఉండును. చవుడు నేలలు అంతకు మించును. బ్లూబెర్రీకి కావలసినది 4.5కు అటునిటుగ. 7.5కును 4.5కును మూడంకెల భేదమే గదా యని తేలికగ తీసికొనరాదు. మూడు పదింతలు కలిసి వేయి రెట్లగును.

పులుపు తగ్గిన నేలలో ఇనుము ఉన్నను కరగదు, వేరునకు అందదు. అందుచేత ఆకు పసుపువన్నెకు తిరిగి ఈనెలు మాత్రము పచ్చగ నిలుచును. న్యూజెర్సీలో మన ఆడపడుచు పొదలు చూపిన లక్షణము ఇదియే. ఆమె వేసిన బూడిద సున్నమువలె పనిచేసి నేల పులుపును విఱిచినది. ఆకు పసుపగుట చూచి యెరువు చాలలేదని యింకను వేసియుందురు. లోకములో అందరును చేయు పనియే అది. ఇంకొక విశేషము. చాల మొక్కల వేళ్ళకు నీటిని పీల్చు సన్నని నూగువంటి కేశములు ఉండును. ఈ పొద వేళ్ళకు అవి లేవు. వేళ్ళు దారపుపోగుల వలె సన్ననివి, నేలపై పొరలోనే, అడుగులోతు దాటక అల్లుకొని యుండును. ఆ వేళ్ళ కణములలో ఒక జాతి శిలీంధ్రము కాపురముండి, కుళ్ళిన ఆకులలోని నత్రజనిని తెచ్చి పొదకు అందించును. పొద తాను వండుకొన్న చక్కెరలో కొంత దానికి ఇచ్చును. పొద ఒంటరిది కాదు. అడవినుండి త్రవ్వి తెచ్చినవారు ఆ కాపురమునకు చోటులేని మట్టిలో దానిని పెట్టుచుండిరి.

ఇక ఆ పుస్తకము ఎవరి చేత పడినదో చెప్పెదను. ఈ సభలో చెప్పదగిన కథ అది.

న్యూజెర్సీ దక్షిణభాగమున పైన్ బారెన్స్ అను విశాలమైన ప్రాంతము కలదు. బారెన్ అనగా గొడ్డునేల. యూరపునుండి వచ్చి స్థిరపడినవారు తమ గోధుమ అక్కడ పండలేదు గనుక పెట్టిన పేరది. ఇసుక నేల, దేవదారు జాతి చెట్లు, ఇనుము కలిసి తేనీటి రంగున పారు వాగులు. అక్కడ వైట్స్‌బాగ్ అనుచోట వైట్ కుటుంబము వారికి క్రాన్‌బెర్రీ తోటలుండెడివి. అదియు పులినేల పంటయే, ఎఱ్ఱని పండు, శరత్కాలమున కోతకు వచ్చును. ఆ యింటి కుమార్తె ఎలిజబెత్ వైట్ 1871లో జన్మించినది. తండ్రితో కలిసి తోటపని యంతయు చూచుకొనుచుండెడిది. క్రాన్‌బెర్రీకి చాలని మిట్టనేలలు వారికి చాల కలవు. ఆ మిట్టల మీద అడవి బ్లూబెర్రీ దండిగ పెరుగుచుండెను. దాని పండు వేసవి నడుమ, జూలై ప్రాంతమున వచ్చును. పని లేని దినములలో పని, పంట లేని నేలలో పంట యగును గదా యని ఆమె యెప్పటినుండియో తలపోయుచుండెను. 1911లో కొవిల్ పుస్తకము ఆమె కంటబడినది. ఆమె చదివి ఊరకొనలేదు. మా భూమిని, మా మనుష్యులను ఉపయోగించుకొనుడని ఆయనకు ఉత్తరము వ్రాసినది. ఆయన అంగీకరించెను.

వారిరువురును పని పంచుకొనిరి. కొవిల్ పరపరాగ సంపర్కముచే క్రొత్త రకములు పుట్టించుట. వైట్ అడవిలోని మేలైన పొదలను వెదకి సేకరించుట. పరిశోధనకు తల్లిమొక్క మంచిదైననే గదా బిడ్డ మంచిదగుట. ఆయన తొలుత ఎన్నుకొన్న పొదలలో ఒకటి న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున గ్రీన్‌ఫీల్డ్ అను గ్రామమున ఒక పశువుల బీటిలో దొరికినది. ఆ పొలము యజమాని పేరున దానికి బ్రూక్స్ అని పేరు పెట్టెను. కాని అడవి విశాలము. ఏ మూల ఏ పొద ఎంతటి పండు కాయునో గ్రంథములలో లేదు. ఆ సంగతి పైన్ బారెన్స్ లోని కట్టెలు కొట్టువారికి, పండ్లు ఏరి యమ్ముకొను బీదవారికి మాత్రమే తెలియును. పట్టణవాసులు వారిని మోటువారని చులకనగ చూచెడివారు. వైట్ వారిచేతికి రంధ్రములు గల కొలపలకలను ఇచ్చినది. ఒక అంగుళమును ఎనిమిది పాళ్ళు చేసి అందు అయిదు పాళ్ళు వ్యాసము గల రంధ్రము; దానిలో దూరని పండు కాయు పొదను చూపినవానికి సొమ్ము, వెదకుటకు పట్టిన కాలమునకు కూలి. ఇంతమాత్రమే కాదు, ఏ పొదను ఎవడు చూపెనో వాని పేరే ఆ పొదకు పెట్టుదునని చెప్పినది.

పేర్లు పెట్టుటలో చిక్కులు వచ్చినవి. రూబ్ లీక్ అను నతడు ఒక శ్రేష్ఠమైన పొదను చూపెను. లీక్ అనునది అక్కడ ఉల్లిజాతి కూర పేరు. తీయని పండునకు ఉల్లివాసన గల పేరు ఎట్లు పెట్టుటయని సందేహించి, రూబ్ అను పేరునకు ఇంటిపేరులోని మొదటి అక్షరమును చేర్చి ‘రూబెల్’ అని నామకరణము చేసిరి. లెమన్ అను ఇంటిపేరు గలవాని పొదకు నిమ్మపండు స్ఫురించునని వాని పిలుపుపేరున ‘శామ్’ అని పెట్టిరి. నూటికి అటునిటుగ పొదలు సేకరించి పరీక్షింపగా నిలిచినవి కొన్ని మాత్రమే. కొన్ని పండు పెద్దదైనను రుచి లేనివి, కొన్ని కాపు చాలనివి, కొన్ని కొమ్మ నాటిన వేరుపట్టనివి. రూబెల్ అన్నిటను నిలిచినది. అడవిలో నిలిచియున్న ఆ యొక్క పొదనుండి కొమ్మలు తీసి నాటినవే నేడు తోటలలో నున్న రూబెల్ పొదలన్నియు. తరువాత పుట్టించిన అనేక రకములకు అది తల్లియో అమ్మమ్మయో యైనది. 1916లో వైట్స్‌బాగ్ నుండి తొలిసారిగ తోటలో పండిన బ్లూబెర్రీలు అంగడికి వెళ్ళినవి. పుస్తకము వెలువడిన ఆరేండ్లకు. వైట్ 1954లో మరణించినది.

రూబ్ లీక్‌కు ముట్టిన సొమ్ము ఆ పొదవలన తరువాత లోకమునకు కలిగిన లాభముతో పోల్చిన ఎంత? ఆ లెక్క తలచినప్పుడెల్ల నా మనస్సు కొంచెము చివుక్కుమనును. మన అడవులలో మందుచెట్ల ఉనికి చూపిన గిరిజనుల పేరు ఏ చెట్టునకు పెట్టితిమని అడిగినచో, ఆయమ్మ చేసినది చిన్నపని కాదని కూడ తోచును.

ఇక పెంచు విధము. ఇది చలిదేశములలో నున్న మన బంధువులకు ఉపయోగించును గనుక వివరముగ చెప్పుదును; వినినవారు ఉత్తరములలో వ్రాయవచ్చును.

మొక్క కొనుటకు ముందు నేలను పరీక్ష చేయించవలెను. పి.హెచ్. 5 దాటినచో గంధకపు పొడి కలుపవలెను. గంధకము తనంతట పులుపు కాదు. నేలలోని సూక్ష్మజీవులు దానిని తిని ఆమ్లముగ మార్చును. ఆ పనికి నెలలు పట్టును గనుక నాటుటకు ముందటి సంవత్సరమే కలుపవలెను. ఎంత కలుపవలెనో పరీక్ష ఫలితమును బట్టి, ఇసుకనేలయో బంకనేలయో దానిని బట్టి నిర్ణయింపవలెను. ఊహతో వేసినచో మొక్క వేళ్ళు చెడును. సున్నపురాతి నేలలో ఎంత గంధకము వేసినను రాయి దానిని మ్రింగివేయును. అట్టిచోట నేలను విడిచి పెద్ద తొట్టెలలో పెంచుట మేలు.

గోతిలో పశువుల పేడ వేయరాదు. బూడిద వేయరాదు. కోళ్ళయెరువు అసలే వేయరాదు. పీట్ అను నాచుమట్టిని గాని, దేవదారు చెట్ల బెరడు నలుగగొట్టినదానిని గాని ఉన్న మట్టితో సగముసగము కలుపవలెను. పీట్ ఎండినచో నీటిని పీల్చదు, పైనుండి జార్చివేయును. కావున ముందుగ బాగుగ తడిపి పిసికి మఱి కలుపవలెను. చిత్తడి నేలలలో పెరుగు పొద గదా యని పల్లములో నాటరాదు. అడవిలో దీనిని పరికించి చూచినవారు చెప్పునదేమనగా, ఇది చిత్తడిలో నున్నను చిన్న మిట్టపై నిలుచును. కాళ్ళు తడికి దగ్గరగ నుండవలెను గాని తడిలో మునుగరాదు. కావున జానెడెత్తు కట్ట పోసి దానిపై నాటుట మంచిది. మొక్కకు మొక్కకు నాలుగైదడుగులు, సాలుకు సాలుకు ఎనిమిది మొదలు పదియడుగులు ఎడముండవలెను.

నాటిన పిమ్మట మొదట చుట్టును రంపపుపొట్టో దేవదారు ఆకులో బెరడో నాలుగు మొదలు ఆరంగుళముల మందముగ పరువవలెను. ఇది ముఖ్యము. వేళ్ళు పైననే యుండుటచే పలుగుపారలతో త్రవ్వి కలుపు తీసినచో వేళ్ళు తెగును. కలుపును చేతితోనే పీకవలెను. పరచిన పొట్టు చివికిపోవుచుండును గనుక ఏటేట మఱికొంత వేయవలెను. నీరు వారమునకు ఒకటి రెండంగుళముల వాన కురిసినంత అందవలెను. బోరునీటిలో సున్నపుగుణము ఉన్నచో ఎంత కష్టపడి నేలను పులిపించినను ఆ నీరు మెల్లమెల్లగ విఱిచివేయును. తొట్టెలలో పెంచువారు వాననీరు పట్టి పోయుట ఉత్తమము. ఎరువు వేయదలచినచో అమ్మోనియమ్ సల్ఫేటును కొద్దికొద్దిగ, వసంతమున మాత్రము వేయవలెను. నైట్రేటు రూపమున నున్న నత్రజని దీనికి సరిపడదు.

మొదటి రెండేండ్లు పూలను త్రుంచివేయవలెను. ఈ మాట చెప్పిన ఎవరికిని మనసొప్పదు. పూచినదానిని త్రుంచుట పాపమనుకొనువారు మన ఇండ్లలో కలరు. కాని వేరూనక ముందే కాపునకు దిగిన పొద తరువాత ఎన్నడును బలియదు. మూడవ యేట కొంచెము కాచును. పూర్తికాపు ఆరు మొదలు ఎనిమిదేండ్లకు. పండు క్రిందటి యేడు పెరిగిన కొమ్మల మీదనే వచ్చును గనుక, చలికాలపు చివర ఆరేండ్లు దాటిన ముదురుకొమ్మలను మొదలంట కోసి, క్రొత్తవానికి చోటు చేయవలెను. అట్లు చేయుచు వచ్చినచో ఒక పొద చాల యేండ్లు కాచుచునే యుండును.

ఒక్క పొదను నాటి ఊరకొనరాదు. కొవిల్ తన పుప్పొడితోనే తానుగ ఈ పొద సరిగ కాయదని పరీక్షించి చూచెను. రెండు రకములు ప్రక్కప్రక్కల నుండిన పండు పెద్దది, కాపు మెండు. పూవులోని పుప్పొడి తిత్తులకు కొసను సన్నని రంధ్రములు మాత్రమే యుండును. మన వంగపూవునకు గూడ ఇట్లే. పెద్ద తుమ్మెద పూవును కరచిపట్టుకొని ఝుమ్మని ఒడలు కదలించినపుడు ఉప్పుడబ్బా నుండి ఉప్పు రాలినట్లు పుప్పొడి రాలును. తేనెటీగకు ఆ విద్య రాదు. అయినను తోటలవారు పూతకాలమున తేనెటీగల పెట్టెలను తెచ్చి పెట్టుదురు, సంఖ్యచే లోటు తీరునని.

పండు నీలమైనంతనే కోయరాదు. తొడిమ దగ్గర ఎఱ్ఱని వలయము కనబడినచో ఇంకను పక్వము కాలేదు. నీలమైన పిదప మఱి కొన్ని దినములు ఆగిన తీపి ఎక్కును. కోసిన తరువాత తీపి పెరుగదు. మామిడివలె మాగవేయుట దీనికి లేదు. పైనున్న తెల్లపూత పండును కాపాడునది గనుక తినబోవు ముందే కడుగవలెను. పక్షులకు మనకంటె ముందు తెలియును. వల కప్పనిదే దక్కదు.

మన దేశములో పెంచవచ్చునా యని మీరడుగుదురు. నేల సంగతి చెప్పితిని. దానికంటె పెద్ద అడ్డు చలి. కొవిల్ తన పొదలను కొన్నిటిని చలికాలమంతయు వెచ్చని అద్దపుగదిలో ఉంచి, కొన్నిటిని వెలుపల మంచులో ఉంచెను. వెలుపలనున్నవి వసంతము రాగానే చిగిర్చి పూచినవి. వెచ్చగ కాపాడబడినవి మొద్దులవలె నిలిచిపోయినవి. ఈ పొదకు చలి శత్రువు కాదు, మేలుకొలుపు. 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువను సుమారు 800 మొదలు 1000 గంటలు గడిచిననే గాని దాని మొగ్గ విచ్చదు. మన యూరిలో అట్టి గంటలను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. ఫ్లారిడాలో తక్కువ చలికి ఓర్చు అడవిజాతులతో దీనిని కలిపి క్రొత్త రకములను పుట్టించిరి. వానివలననే నేడు పెరూ వంటి వెచ్చని దేశము ఈ పండ్ల ఎగుమతిలో ముందున్నది. అట్టి రకములను మన దేశములోను కొండప్రాంతములలో కొందరు తొట్టెలలో పెంచి చూచుచున్నారు. పెట్టుబడి మిక్కిలి. రేగడినేల రైతు దీనిని నమ్ముకొని అప్పు చేయవలదని మాత్రము గట్టిగ చెప్పుదును. మొక్కలమ్మువారు చూపు బొమ్మలలో నేల పి.హెచ్. కనబడదు.

అయినను ఈ వంశము మనకు పూర్తిగ పరాయిది కాదు. నీలగిరులలోను, పడమటి కనుమల ఎత్తైన శోలా అడవులలోను వాక్సీనియమ్ జాతి పొదలు తమంతట తాము పెరుగుచున్నవి. ఒకదాని పేరులోనే నీలగిరి యున్నది: వాక్సీనియమ్ నీల్‌ఘెరెన్స్. ఉదకమండలము వెళ్ళువారు గంటలవంటి చిన్నపూల గుత్తులు గల పొదను చూచినచో ఆగి, దాని మొదటి మట్టిని చేతిలోనికి తీసికొని చూడుడు. నల్లగ, మెత్తగ, సగము ఆకుగ సగము మన్నుగ ఉండును.

కొవిల్ 1910 నాటి పుస్తకము ఇప్పుడు ఎవరైనను ఉచితముగ అచ్చువేసికొనదగినది. దానిని తెప్పించి, అట్టకట్టించి, అందలి ముఖ్యమైన ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థములను చివర కొన్ని పుటలలో వ్రాసి చేర్చితిని. ఈ ప్రతిని గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. కార్యదర్శిగారు వ్యవసాయపు బీరువాలో ఉంచుదురు గాక. చివరి పుటలు కొన్ని ఖాళీగ విడిచితిని. న్యూజెర్సీలోని ఆడపడుచు ఈమారు నాటు పొదల సంగతి తండ్రిగారికి తెలియజేసినప్పుడు, వారు అందులో తేదీలతో వ్రాసి యుంచుటకు.